పాత మారుతి 800: ఆయిల్ లీకు ఆపడం, పనిచేయని మీటర్లు మార్చడం ఎలా?

"కారు నిలిపిన చోట నల్ల మరక పడుతోంది. హీట్ మీటరు ముల్లు కదలడం లేదు. ఆయిల్ లైటు అప్పుడప్పుడు మిణుకుమంటోంది. ఇంజన్ దించాలంటున్నారు, నిజమేనా?" పాత మారుతి 800 ఉన్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలా కార్లలో ఇంజన్ దించాల్సిన పని ఉండదు. ఒక రబ్బరు ప్యాకింగ్, ఒక ఓ-రింగ్, ఒక ఒంటి వైరు స్విచ్‌తో సరిపోతుంది. ఆ మూడింటిలో ఏది పోయిందో తెలుసుకోకుండా అన్నీ మార్చేయడం వల్లే ఖర్చు పెరుగుతుంది.

ఇక్కడ చెప్పేది కార్బురేటర్ ఉన్న 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌కు వర్తిస్తుంది. మీది ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే ఇంజన్) అయితే లీకు పని దాదాపు ఇలాగే ఉంటుంది కానీ, మీటర్ల పరీక్షలో జాగ్రత్త కావాలి. అందులో కంప్యూటర్‌కు సమాచారం ఇచ్చే సెన్సర్లు వేరుగా ఉంటాయి. వాటి వైర్లు పీకి ఎర్త్‌కు, అంటే ఇంజన్ లేదా బాడీ లోహానికి, తగిలించకూడదు.

లీకునూ మీటర్లనూ ఒకేసారి చూడమనడానికి కారణం ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ప్రెషర్ పడిపోయిందని మాత్రమే చెబుతుంది. లీకై లీకై ఆయిల్ డిప్‌స్టిక్ కింది గీత కంటే దిగిపోయినా ఆ లైటు వెలగకపోవచ్చు. మలుపులోనో, ఎక్కుడులోనో పంపు గాలి పీల్చినప్పుడు ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. అప్పటికే బేరింగులు ఆయిల్ లేకుండా తిరిగి ఉంటాయి. కాబట్టి లైటు మిణుకుమంటే మొదట బండి పక్కకు ఆపి డిప్‌స్టిక్ చూడండి, మిగతా పనులన్నీ ఆ తర్వాత.

కావలసినవి

- 8, 10, 12, 14, 17 స్పానర్లు, సాకెట్ సెట్టు, ఆయిల్ స్విచ్‌కు సరిపడే డీప్ సాకెట్
- స్టార్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు
- మల్టీమీటర్ (మామూలు రకం చాలు)
- టాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) ప్యాకింగ్, దాని బోల్టుల రబ్బరు వాషర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) ఓ-రింగ్
- పరీక్షలో పోయిందని తేలితేనే: ఆయిల్ ప్రెషర్ స్విచ్, టెంపరేచర్ సెండర్ (ఇంజన్ వేడిని హీట్ మీటరుకు తెలిపే భాగం)
- కాస్త డీజిల్, పాత బ్రష్, పోగులు రాలని గుడ్డ, టాల్కం పౌడర్, పెద్ద అట్టముక్క
- 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్, కొంత కూలెంట్
- కారు కింద దూరాల్సి వస్తే జాకీతో పాటు రెండు స్టాండ్లు

ప్యాకింగులు ఒరిజినల్‌వే తీసుకోండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఈ కారు సామాను ఇప్పటికీ దొరుకుతుంది. కొనేటప్పుడు ప్యాకింగ్‌ను వేళ్ళతో వంచి చూడండి. మెత్తగా వంగి వెనక్కి రావాలి. అట్టలా బిర్రుగా ఉంటే షాపులో ఏళ్ళ తరబడి పడి ఉన్న సరుకని అర్థం, తీసుకోవద్దు.

మొదటి భాగం: లీకు ఎక్కడో పట్టుకోవడం

తొందరపడి దాటేయకూడని భాగం ఇదే. ఆయిల్ పైన కారి, కిందికి జారి, నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. చుక్క పడేది సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దగ్గర, లీకయ్యేది ఇంజన్ పైన టాపెట్ కవర్ దగ్గర. కింద చూసి సంప్ ప్యాకింగ్ మార్పించుకుని, మళ్ళీ అదే మరక చూసి విసుక్కునేవాళ్ళు ఎంతో మంది.

1. రాత్రి అట్టముక్క కింద పరచి పొద్దున చూడండి. పల్చగా, గోధుమ లేదా నలుపు రంగులో ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. ఆకుపచ్చగానో ఎర్రగానో నీళ్ళలా ఉంటే కూలెంట్. చక్రం లోపలి వైపు తడిగా, జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అలాంటప్పుడు ఈ పనులు పక్కన పెట్టి ముందు బ్రేకులు చూపించండి, అప్పటిదాకా కారు కదపొద్దు.

2. ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ మైనస్ తీసి, డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో పై నుంచి కిందికి కడగండి. డిస్ట్రిబ్యూటర్, కాయిల్, ఆల్టర్నేటర్, కార్బురేటర్ నోటికి ప్లాస్టిక్ కవర్లు కట్టండి. పెట్రోలుతో కడగడం ప్రమాదం. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా కొట్టిస్తే డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్ళు వెళ్ళి బండి స్టార్ట్ కాదు.

3. గుడ్డతో తుడిచి, అంతా ఆరిన తర్వాత అనుమానం ఉన్న అంచుల మీద టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. బెల్టుల వైపు చల్లకండి.

4. బ్యాటరీ తగిలించి ఇంజన్ వేడెక్కేదాకా నడపండి. ఆపి, టార్చి వేసి పై నుంచి చూసుకుంటూ రండి. తెల్ల పొడి మీద తడి గీత మొదలైన చోటే లీకు. అన్నిటికంటే పైనున్న తడి మచ్చకే లెక్క. అది ఆపితే కిందవి చాలావరకు వాటంతటవే ఆగుతాయి.

5. ప్యాకింగ్ కొనేముందు బ్రీదర్ చూడండి. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్ వైపు వెళ్ళే రబ్బరు పైపు జిడ్డుతో పూడుకుపోతే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి లేక ఆయిల్‌ను ప్యాకింగుల్లోంచి తోసేస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పల్చటి కాగితం ఆనించండి. కాగితం అక్కడే ఉన్నా, కాస్త లోపలికి లాగినట్టున్నా పర్వాలేదు. పైపు శుభ్రంగా ఉండి కూడా కాగితం ఎగిరిపోతూ, పొగ దబదబా తన్నుతుంటే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట. కొత్త ప్యాకింగ్ వేసినా ఎక్కువ రోజులు నిలవదు.

రెండో భాగం: టాపెట్ కవర్ ప్యాకింగ్

1. ఇంజన్ చల్లగా ఉండాలి. ఎయిర్ క్లీనర్ విప్పి, అడ్డొచ్చే పైపులు, ప్లగ్ వైర్లు పక్కకు జరపండి. తీసే ముందు ఫోనులో ఫోటో తీసుకోండి. ప్లగ్ వైర్లకు 1, 2, 3 అని టేపు అంటించండి. కార్బురేటర్ నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టండి. అందులో ఒక్క నట్టు పడినా పెద్ద పనవుతుంది.

2. కవర్ బోల్టులు విప్పి, వాషర్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. కవర్ అతుక్కుపోతే అంచున చెక్కతోనో రబ్బరు సుత్తితోనో మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపితే కవర్ కింద ఉండే అల్యూమినియం హెడ్ మీద గీత పడుతుంది, ఆ తర్వాత ఏ ప్యాకింగ్ వేసినా అక్కడ కారుతుంది.

3. పాత ప్యాకింగ్ ముక్కలన్నీ తీసేయండి. లోపలికి పొట్టు రాలకుండా చుట్టూ గుడ్డలు కప్పండి. గీకడానికి ప్లాస్టిక్ ముక్క వాడండి.

4. కవర్‌ను గాజు పలక మీద బోర్లించి చూడండి. ఎక్కడైనా సందు కనిపిస్తే కవర్ వంగింది. గతంలో ఎవరో బోల్టులు అతిగా బిగించారన్నమాట. రేకు కవర్ అయితే బోల్టు రంధ్రాల దగ్గర చెక్క మీద పెట్టి తట్టి సరిచేయొచ్చు.

5. రెండు అంచులూ నూనె జిడ్డు లేకుండా తుడిచి ప్యాకింగ్‌ను కవర్ గాడిలో కూర్చోబెట్టండి. మెకానిక్‌లు అనాబాండ్ అనే ప్యాకింగ్ పేస్టు ఇక్కడ అంతటా పూయక్కర్లేదు. హెడ్ మీద అర్ధచంద్రాకారంలో వంపు ఉన్న మూలల్లో మాత్రం చిన్న చుక్క పెట్టొచ్చు. బయటికి ఎంత పొంగితే లోపలికీ అంతే పొంగుతుంది. ఆ తునకలు ఊడి సంప్‌లోకి జారి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే, లీకు ఆపబోయి ఇంజన్ పోగొట్టుకున్నట్టవుతుంది.

6. బోల్టులన్నీ చేత్తో తిప్పి, తర్వాత కొద్ది కొద్దిగా, ఎదురెదురుగా బిగించండి. చిన్న స్పానర్‌ను తలకు దగ్గరగా పట్టుకుని, రెండు వేళ్ళ బలంతో ఆగిన చోట ఆపేయాలి. ఎక్కువ మంది చెడగొట్టేది ఇక్కడే. "ఇంకాస్త బిగిస్తే ఇంకాస్త ఆగుతుంది" అనుకుంటే ప్యాకింగ్ నలిగి పక్కకు జారుతుంది, లేదా హెడ్‌లో థ్రెడ్ పోతుంది.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర తడి ఉంటే

హెడ్ చివర డిస్ట్రిబ్యూటర్ దిగే చోట ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ వదలడం ఈ ఇంజన్‌లో మామూలే. ఓ-రింగ్ చవక వస్తువే, కానీ గుర్తులు పెట్టకుండా తీస్తే టైమింగ్ (ప్లగ్‌లు మండించే సమయం) పోయి బండి కదలదు.

1. క్యాప్ తీసి, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద గీత పెట్టండి. ఒంటికీ, అది కూర్చునే హౌసింగ్‌కూ కలిపి ఇంకో గీత పెట్టండి. రెండింటికీ ఫోటోలు తీయండి.
2. బోల్టు తీసి నిటారుగా పైకి లాగండి. గేరు ఏటవాలు పళ్ళ వల్ల రోటర్ కాస్త తిరుగుతుంది. తిరిగి ఆగిన చోట మూడో గీత పెట్టండి.
3. పాత ఓ-రింగ్ తీసి, గాడి తుడిచి, కొత్తదానికి ఇంజన్ ఆయిల్ రాసి ఎక్కించండి.
4. రోటర్‌ను మూడో గీత దగ్గర పెట్టి దించితే, కూర్చునేసరికి మొదటి గీతకు రావాలి. రాకపోతే మళ్ళీ లాగి ఒక పన్ను మార్చి చూడండి. ఈలోగా ఎవరూ స్టార్టర్ కొట్టకూడదు, గేరులో ఉన్న బండిని తోయకూడదు.

గీతలు కలిసినా టైమింగ్ లైట్‌తో ఒకసారి చెక్ చేయించుకోండి.

మూడో భాగం: ఆయిల్ ప్రెషర్ స్విచ్

ఇంజన్ బ్లాక్‌కు బిగించి, ఒకే వైరు తగిలించి ఉండే చిన్న స్విచ్ ఇది. ఇటు లీకుకూ అటు తప్పుడు ఆయిల్ లైటుకూ ఇదొక్కటే కారణం కావచ్చు. వైరు టోపీ పీకి చూడండి. లోపల ఆయిల్ ఉంటే స్విచ్ లోపలి పొర చిరిగిపోయింది. దానికి మరమ్మతు లేదు, మార్చడమే.

మార్చే ముందు లైటు సరిగా పనిచేస్తోందో తేల్చుకోండి. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే లైటు వెలగాలి. వైరు పీకితే ఆరాలి. పీకిన వైరును ఇంజన్ లోహానికి తాకిస్తే మళ్ళీ వెలగాలి. పీకినా ఆరకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది. తాకించినా వెలగకపోతే బల్బో, ఫ్యూజో, వైరో పోయింది.

1. ఇంజన్ చల్లారాక, స్విచ్ చుట్టూ మట్టి తుడిచి డీప్ సాకెట్‌తో విప్పండి. కాస్త ఆయిల్ కారుతుంది, కింద డబ్బా పెట్టుకోండి.
2. పాత, కొత్త స్విచ్‌లను పక్కపక్కన పెట్టి థ్రెడ్ పోల్చండి. సుజుకీ స్విచ్‌కు ఉండేది 1/8 అంగుళం బ్రిటిష్ పైపు థ్రెడ్, అంగుళానికి 28 చుట్లు. బయట దొరికే కొన్ని మీటర్ల సెండర్లకు ఉండేది అమెరికన్ పైపు థ్రెడ్, అంగుళానికి 27 చుట్లు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండు మూడు చుట్లు తేలిగ్గానే ఎక్కుతాయి, ఆ తర్వాత పట్టేస్తాయి. అక్కడ బలం చూపిస్తే బ్లాక్‌లో థ్రెడ్ పోతుంది.
3. టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఈ స్విచ్‌కు ఎర్త్ అందేది థ్రెడ్ ద్వారానే. టేపు మందంగా ఉంటే ఎర్త్ తగ్గుతుంది, తెగిన ముక్క ఆయిల్ దారిలోకీ వెళ్ళొచ్చు. థ్రెడ్ సీలెంట్ కొద్దిగా, మొదటి రెండు చుట్లు వదిలేసి రాయండి.
4. చేత్తో ఎక్కించి, తర్వాత స్పానర్‌తో నింపాదిగా బిగించండి. సాగదీసి తిప్పక్కర్లేదు.

కొత్త స్విచ్ వేశాక కూడా వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో లైటు వెలుగుతుంటే నిజంగానే ప్రెషర్ తక్కువగా ఉందేమో. గ్యారేజీలో స్విచ్ రంధ్రానికి చేతి మీటరు తగిలించి చూస్తారు. వేడి ఇంజన్‌కు వెయ్యి ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉండాలనేది మెకానిక్‌ల మోటు లెక్క. అంతకంటే బాగా తక్కువ చూపిస్తే లైటును నమ్మండి, కారు నడపకండి.

నాలుగో భాగం: హీట్ మీటరు, పెట్రోలు మీటరు

ముల్లు కదలకపోతే మీటరు పోయిందనుకుని మొత్తం మీటర్ల పెట్టె కొనేస్తారు. ఐదు నిమిషాల పరీక్షతో ఆ డబ్బు మిగులుతుంది.

హీట్ మీటరు: తాళం ఆన్‌లో ఉంచి టెంపరేచర్ సెండర్ మీది ఒంటి వైరు పీకండి. ముల్లు చల్లని వైపే ఉండాలి. ఆ వైరును ఇంజన్ మీద శుభ్రమైన లోహానికి తాకించండి. కొన్ని సెకన్లలో ముల్లు మెల్లగా వేడి వైపు లేవాలి. లేవడం మొదలవగానే తీసేయండి, చివరిదాకా ఉంచితే మీటరు లోపలి తీగ కాలొచ్చు. ముల్లు లేచిందంటే మీటరు, వైరు రెండూ బాగున్నాయి, తప్పు సెండర్‌దే. లేవకపోతే వైరు, తర్వాత మీటరు చూడాలి.

పెట్రోలు మీటరు కూడా ఇదే తీరు. కానీ ట్యాంకు దగ్గర వైరు తాకించి నిప్పురవ్వ రప్పించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ పరీక్ష ట్యాంకుకు దూరంగా, లోపలి కనెక్టర్ దగ్గర, చిన్న టెస్ట్ బల్బు మధ్యలో పెట్టి చేయాలి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

రెండు మీటర్లూ ఒకేసారి తప్పుగా చూపిస్తే సెండర్ల జోలికి వెళ్ళకండి. రెండు సెండర్లు ఒకే రోజు పోవు. ఫ్యూజు, డ్యాష్‌బోర్డు వెనక ఎర్త్, మీటర్లకు స్థిరంగా కరెంటు ఇచ్చే రెగ్యులేటర్, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడండి. తుప్పు పట్టిన పట్టీని గరుకు కాగితంతో రుద్ది బిగించడంతో రెండు ముళ్ళూ దారికొచ్చిన బళ్ళు చాలానే ఉన్నాయి.

ముల్లు ఎప్పుడూ కిందే ఉండటానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. ఎండాకాలం బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పారేసి ఉంటారు. హైవే మీద ఇంజన్ అసలు వేడెక్కదు, మీటరు ఉన్నదే చూపిస్తోంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచి మూత కింద తెల్లటి నురగ కడుతుంది. కొత్త థర్మోస్టాట్ పెట్టించండి. అలాగే రేడియేటర్‌లో నీళ్ళు బాగా తగ్గితే సెండర్‌కు గాలే తగులుతుంది. ఇంజన్ ఉడికిపోతున్నా ముల్లు చల్లగానే ఉందంటుంది. అందుకే మీటరు బాగున్నా వారానికోసారి కూలెంట్ చూడక తప్పదు.

సెండర్ మార్చడం: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి కొంత కూలెంట్ డబ్బాలోకి పట్టండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లలు దగ్గరికి రాకుండా చూసుకోండి. కొత్త సెండర్‌ను బిగించేముందు వైర్‌పిన్‌కూ ఒంటికీ మధ్య మల్టీమీటర్ పెట్టి, కొనను వేడినీళ్ళలో ముంచండి. వేడి పెరిగే కొద్దీ ఓమ్‌లు జారుతూ రావాలి. బిగించాక కూలెంట్ నింపి, మూత తీసి ఉంచి, బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో నడిపి, తగ్గినంత పోయండి.

మీటర్ల పెట్టె మార్చాల్సే వస్తే

1. బ్యాటరీ మైనస్ తీయండి. పెట్టె చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలు విప్పండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, ఎండలో కాసేపు ఉంచాక తీస్తే విరగదు.
2. పెట్టెను కొంచెం ముందుకు లాగి, వెనక చెయ్యి పెట్టి స్పీడోమీటర్ కేబుల్ లాక్ నొక్కి విడిపించండి. రాకపోతే ఇంజన్ వైపు నుంచి కేబుల్‌ను కాస్త లోపలికి తోయండి. గట్టిగా గుంజితే లాక్ విరిగి, తర్వాత ముల్లు ఊగుతూనే ఉంటుంది.
3. కనెక్టర్లు తీసి, వెనకున్న రాగి గీతల పల్చటి షీటు మడత పడకుండా పెట్టెను బోర్లించండి. తెగిన గీత వల్లే మీటరు ఆగిందేమో ముందు చూడండి.
4. లైట్లు మసకగా ఉన్నాయని బల్బులన్నీ ఎల్ఈడీ చేయకండి. బ్యాటరీ లైటు బల్బు మామూలుదే ఉంచండి. ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టడానికి ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటు కావాలి.

సెకండ్ హ్యాండ్ పెట్టె వేస్తే కిలోమీటర్ల అంకె మారిపోతుంది. పాత, కొత్త అంకెలు రెండూ కనిపించేలా తేదీతో ఫోటో తీసి కారు కాగితాలతో ఉంచండి. రేపు అమ్మేటప్పుడు ఆ ఫోటో కొనేవాళ్ళకు చూపించండి.

అన్నీ బిగించాక చూడాల్సినవి

డిప్‌స్టిక్ చూసి ఆయిల్ రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండేలా పోయండి. పై గీత దాటితే కొత్త ప్యాకింగుల మీదే ఒత్తిడి పడుతుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు ఒకట్రెండు సెకన్లలో ఆరాలి. ఐదు సెకన్లకూ ఆరకపోతే ఇంజన్ ఆపేయండి. ఫ్యాను తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి, హీట్ ముల్లు మధ్యకు వచ్చి నిలబడుతుందా, ఫ్యాను తిరిగేటప్పుడు కాస్త దిగుతుందా చూడండి.

ఊళ్ళో కాసేపు తిప్పి వచ్చి, టార్చితో మళ్ళీ పై నుంచి కిందికి చూసి, రాత్రికి కొత్త అట్ట పరచండి. మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు పడితే భయపడక్కర్లేదు, పగుళ్ళలో మిగిలిన పాత ఆయిల్ వేడికి కారుతుంది. తుడిచి మూడో రోజు చూడండి. అప్పటికీ అదే చోట తడి ఉంటేనే లీకు మిగిలినట్టు.

టైమింగ్ బెల్టు కవర్ లోపల తడి కనిపిస్తే క్యామ్ లేదా క్రాంక్ ఆయిల్ సీలు పోయింది. ఆయిల్ తాగిన బెల్టు తెగడానికి సిద్ధంగా ఉంటుంది కాబట్టి సీళ్ళతో పాటు బెల్టు కూడా మార్పించండి. ఇంజన్, గేరుబాక్సు కలిసే చోట అడుగున ఇంజన్ ఆయిల్ కారుతూ, పైనంతా పొడిగా ఉంటే అది వెనక సీలు. దానికి గేరుబాక్సు దించాలి. క్లచ్ ప్లేటు మార్చే సమయం దగ్గర్లో ఉంటే రెండూ కలిపి చేయించుకుంటే దించే కూలి ఒక్కసారే పడుతుంది. అప్పటిదాకా వారానికోసారి డిప్‌స్టిక్ చూసి ఎంత పోస్తున్నారో రాసుకోండి. ఆ అంకె పెరుగుతుంటే ఆగకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.